పాత 100 సీసీ ఇంజన్‌కు క్యామ్ టైమింగ్: హెడ్ విప్పిన దగ్గర్నుంచి మొదటి కిక్కు దాకా

బోరు కొట్టించి, కొత్త పిస్టన్ వేసి, వాల్వులు నూరి, ప్యాకింగులన్నీ కొత్తవి పెట్టి బిగించినా బండి లాగడం లేదంటే, కార్బురేటర్ విప్పేముందు క్యామ్ టైమింగ్ (పిస్టన్ కదలికకు తగ్గట్టు వాల్వులు తెరుచుకుని మూసుకునే సమయం) చూడండి. క్యామ్‌ను తిప్పే చైన్ ఒక్క పన్ను తేడాగా కూర్చున్నా ఇంజన్ స్టార్ట్ అవుతుంది, తిరుగుతుంది, ఖాళీ రోడ్డు మీద ఫర్వాలేదనిపిస్తుంది కూడా. రెండు మేత బస్తాలు వేసుకుని చెరువు గట్టు ఎక్కేటప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. అప్పటికే జెట్లు మార్చడానికీ, ప్లగ్గులు మార్చడానికీ డబ్బు ఖర్చయిపోయి ఉంటుంది.

ఇక్కడ రాస్తున్నది ముఖ్యంగా హీరో హోండా సీడీ 100 (1985), స్ప్లెండర్ (1994) తరం ఇంజన్ల గురించి. 97.2 సీసీ, బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు 49.5 మిల్లీమీటర్లు, హెడ్‌లో ఒకే క్యామ్, ఎడమ పక్క నుంచి దాన్ని తిప్పే చైన్. కోనసీమ లంకల నుంచి భీమవరం చెరువుల దాకా ఇంకా పనిచేస్తున్న పాత బళ్లలో ఇవే ఎక్కువ కనిపిస్తాయి. చైన్‌తో నడిచే ఇతర సింగిల్ సిలిండర్ ఫోర్ స్ట్రోక్ ఇంజన్లకూ పద్ధతి ఇదే, గుర్తుల ఆకారం మారుతుందంతే. ఆర్‌ఎక్స్ 100, యెజ్డీ, రాజ్‌దూత్ 175 టూ స్ట్రోక్ బళ్లు, వాటిలో క్యామ్ ఉండదు. బుల్లెట్ సంగతి చివర్లో వేరుగా ఉంది.

ఒక్క పన్ను అంటే ఎంత

ఫోర్ స్ట్రోక్‌లో క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. అందుకే పైన ఉన్న స్ప్రాకెట్‌కు (చైన్ పట్టే పళ్ల చక్రానికి) కింద ఉన్నదానికి రెట్టింపు పళ్లుంటాయి. దాళ్వాలో నీళ్లు తక్కువైనప్పుడు కాలువలకు వంతులు పెట్టినట్టే, ఇన్‌లెట్ వాల్వుకూ ఎగ్జాస్ట్ వాల్వుకూ వంతులు పంచేది క్యామ్. తూము ఒక పూట ఆలస్యంగా ఎత్తితే శివారు చేను ఎలా ఎండుతుందో, వాల్వు ఆలస్యంగా మూసుకుంటే సిలిండర్‌లో చేరిన గాలీ పెట్రోలూ అలా వెనక్కి పోతాయి.

మీ పై స్ప్రాకెట్ పళ్లు లెక్కపెట్టండి. 28 ఉంటే ఒక్క పన్ను క్యామ్ దగ్గర 12.9 డిగ్రీలు, క్రాంక్ దగ్గర దానికి రెట్టింపు, అంటే 25.7 డిగ్రీలు. ఇగ్నిషన్ టైమింగ్ రెండు మూడు డిగ్రీలు మారితేనే ఇంజన్ తీరు మారిపోతుంది. అలాంటిది వాల్వు టైమింగ్ 25 డిగ్రీలు పక్కకు పోతే చిన్న పొరపాటు కింద వదిలేయలేం. రెండు మూడు పళ్లు తప్పితే వాల్వు వెళ్లి పిస్టన్‌ను తాకి వంగే ప్రమాదం కూడా ఉంది.

ఇగ్నిషన్ మాత్రం దీనితో మారదు. స్పార్కుకు సంకేతం వచ్చేది క్రాంక్ చివరనున్న మాగ్నెట్ నుంచి. క్యామ్ తప్పు పన్ను మీద కూర్చున్నా స్పార్కు తన సమయానికే పడుతుంది. టైమింగ్ లైటు పెట్టి ‘అంతా సరిగ్గా ఉంది’ అని వదిలేసిన ఇంజన్లు మళ్లీ షెడ్డుకు వచ్చేది ఇందుకే.

మూడు చోట్ల ఒకే మాట రావాలి

చాలామంది మాగ్నెట్ మీద ‘టీ’ గుర్తు (పిస్టన్ పైకొచ్చిన చోటుకు గుర్తుగా ఉండే T అక్షరం), స్ప్రాకెట్ మీద గుండ్రటి ‘ఓ’ గుర్తు కలిపి, పని అయిపోయిందనుకుంటారు. ఆ రెండూ కలవాలి, నిజమే. అయితే టీ గుర్తు చెప్పేది మాగ్నెట్ ఎక్కడుందో మాత్రమే. పిస్టన్ ఎక్కడుందో అది నేరుగా చెప్పదు. మాగ్నెట్‌కూ క్రాంక్‌కూ మధ్య ఉన్న అర్ధచంద్రాకారపు కీ తెగి మాగ్నెట్ కొంచెం జరిగితే, టీ గుర్తు తప్పు చెబుతుంది.

ఇంకో మోసం క్రాంక్ పని చేయించిన ఇంజన్లలో కనిపిస్తుంది. ఎడమ పక్క మెయిన్ బేరింగ్ మార్చాలంటే క్రాంక్ మీద బిగువుగా దిగి ఉన్న చిన్న టైమింగ్ పినియన్‌ను (చైన్‌ను తిప్పే కింది పళ్ల చక్రాన్ని) ముందు పీకాలి. దాన్ని తిరిగి కొట్టేటప్పుడు కీ గాడితో దాని పళ్ల వరస పాత చోటికి రాకపోతే, ఎంత జాగ్రత్తగా పెట్టినా ఓ గుర్తు సరిగ్గా కూర్చోదు. ఎప్పుడూ పావు పన్నో అర పన్నో అటో ఇటో ఉంటుంది. అందుకే క్రాంక్‌ను లేత్ షెడ్డుకు పంపేముందే పినియన్ పన్ను నుంచి కీ గాడి దాకా సన్నటి మొనతో ఒక గీత గీసి, ఆ గీత కలవాలని షెడ్డువాళ్లకు చెప్పి పంపండి.

కాబట్టి పిస్టన్ నిజంగా పైకొచ్చిన చోటు, టీ గుర్తు, ఓ గుర్తు, ఈ మూడూ ఒకే సమయంలో కలిస్తేనే టైమింగ్ కుదిరినట్టు.

విప్పేముందు

ఇంజన్ ఇంకా తిరిగే స్థితిలో ఉంటే విప్పకముందే ప్లగ్ తీసి, ఎడమ కవర్ మీదున్న రెండు మూతలు ఊడదీసి, క్రాంక్‌ను ముందుకు తిప్పి టీ గుర్తును దాని ఎదురు గాటుకు తెచ్చి, హెడ్ పక్క మూత తీసి ఓ గుర్తు ఎక్కడుందో ఫోన్‌తో ఫోటో తీసుకోండి. అది పాత తప్పే కావచ్చు, అయినా ఫోటో ఉండాలి. కొత్త చైన్ వేశాక గుర్తు ఎంత జరిగిందో ఆ ఫోటోతో పోల్చుకుంటేనే తెలుస్తుంది. టీ గుర్తుకు ఎదురు గాటు మీ మోడల్‌లో కవర్ మీదుందో కేసు మీదుందో కూడా అప్పుడే చూసుకోండి. కవర్ మీదుంటే, బిగించేటప్పుడు ఆ కవర్‌ను రెండు బోల్టులతో తాత్కాలికంగా పెట్టి చూడాల్సి వస్తుంది.

హెడ్ నట్లు తీసేటప్పుడు ఏ నట్టు, ఏ వాషర్ ఏ స్టడ్డుదో కాగితం మీద గీసుకోండి. హెడ్‌కు ఆయిల్ ఎక్కే దారి ఒక స్టడ్డు పక్క నుంచే వెళ్తుంది, అక్కడ వేయాల్సిన రాగి వాషర్ వేరు. అది మారితే ఆయిల్ బయటికి కారుతుంది, లేదా పైకి చేరాల్సినంత చేరదు. టైమింగ్ ఎంత బాగా పెట్టినా ఆయిల్ లేని క్యామ్ కొన్నాళ్లకే అరిగిపోతుంది.

వరద నీళ్లు తాగిన ఇంజన్ అయితే

2022 జులై వరదల్లాంటివి వచ్చినప్పుడు లంకల్లో బళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోతాయి. అలాంటి ఇంజన్‌కు కిక్కు కొట్టొద్దు. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ప్లగ్ తీసి, ఆయిల్ దించి చూడండి. పాలు కలిపిన టీలా తెల్లగా వస్తే నీళ్లు చేరినట్టే. గోదావరి ఒండ్రు చాలా మెత్తటిది, చైన్ లింకుల మధ్యకూ ఆయిల్ దారుల్లోకీ పోయి గట్టిపడుతుంది. మునిగిన ఇంజన్‌లో పాత టైమింగ్ చైన్‌ను మళ్లీ వాడటం వృథా ఖర్చే, ఎందుకంటే ఆ ఒండ్రు పిన్నులను తినేస్తుంది.

భాగాలను డీజిల్‌లో నానబెట్టి బ్రష్షుతో కడిగి, చివరగా కొద్దిగా పెట్రోల్‌తో తుడవండి. పెట్రోల్ పని ఆరుబయట, పొయ్యికీ బీడీకీ దూరంగా. సముద్రం పక్క ఊళ్లలో, అంతర్వేది, మొగల్తూరు వైపు, బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో కడిగి ఎండలో పెడితే సాయంత్రానికే ఇనుము తుప్పు రంగుకు తిరుగుతుంది. అసలు నీళ్లే వాడకండి. కడిగిన వెంటనే బోరుకూ, క్యామ్‌కూ, రాకర్ (క్యామ్ కదలికను వాల్వుకు అందించే మీట) పిన్నులకూ ఇంజన్ ఆయిల్ పూయండి. వానాకాలం గాలిలోని తేమే చాలు, రాత్రికి రాత్రి కొత్త బోరు మీద చుక్కలు వస్తాయి.

ఏవి మార్చాలి, ఏవి ఉంచొచ్చు

చైన్‌ను రెండు చేతుల్లో అడ్డంగా, పక్క పలకలు పైకీ కిందికీ ఉండేలా పట్టుకోండి. కొత్తది దాదాపు తిన్నగా నిలుస్తుంది, అరిగినది పక్కకు వంగి వేలాడుతుంది. అనుమానంగా ఉంటే మార్చేయండి. చైన్ ఒక్కటే కాకుండా రోలర్లు, టెన్షనర్ (చైన్ వదులును పట్టి ఉంచే అమరిక) కూడా కలిపి కిట్‌గా దొరుకుతుంది. రోలర్ రబ్బరు గట్టిపడి గాడి పడిందంటే కొత్త చైన్ కూడా శబ్దం చేస్తుంది. స్ప్రాకెట్ పళ్లు సొర చేప పళ్లలా ఒక పక్కకు వాలి ఉంటే చైన్‌తోపాటు దాన్నీ మార్చాలి.

టెన్షనర్ రాడ్డు దాని గొట్టంలో వేలితో నొక్కితే ఎక్కడా పట్టుకోకుండా జారాలి. కింద ఉన్న బోల్టు తీస్తే స్ప్రింగూ రాడ్డూ వస్తాయి, ఆ గొట్టంలో మడ్డి పేరుకుని రాడ్డు బిగుసుకుపోవడం ఈ ఇంజన్లలో మామూలే. బయటికి ‘చైన్ సౌండు’గా వినిపించేవాటిలో చాలా భాగం అదే.

క్యామ్ లోబుల (క్యామ్ మీద ఉబ్బెత్తు భాగాల) కొన మీద గోరు పెట్టి లాగండి. గోరు ఆగే గుంటలున్నా, కొన చదునై మెరుపు పోయినా క్యామ్ పనికిరాదు, దానికి ఆనే రాకర్ ముఖం కూడా పాడై ఉంటుంది. పాత రాకర్లతో కొత్త క్యామ్ వేస్తే కొత్తదీ తొందరగా పోతుంది. మొదటి గేర్‌లో నెమ్మదిగా, తక్కువ ఆయిల్‌తో గట్ల మీద తిరిగే బళ్లలో ఈ అరుగుడు ఎక్కువ. క్యామ్ బేరింగ్‌లున్న మోడల్ అయితే వేలి మీద పెట్టి తిప్పి, గరగర లేకపోతేనే ఉంచండి.

పిస్టన్ నిజంగా పైకొచ్చిన చోటు

పిస్టన్ పైకొచ్చిందో లేదో కంటితో చెప్పలేం. పై కొన దగ్గర క్రాంక్ 5 డిగ్రీలు తిరిగితే పిస్టన్ కదిలేది సుమారు 0.1 మిల్లీమీటరు మాత్రమే. ప్లగ్ రంధ్రంలో స్క్రూడ్రైవరు పెట్టి అది పైకి లేచే చోటు చూడటం అందాజుకే పనికొస్తుంది, పైగా పిస్టన్ మీద గీతలు పడతాయి.

హెడ్ ఇంకా పెట్టనప్పుడే ఈ కొలత తీసుకోవడం తేలిక. సిలిండర్‌ను రెండు నట్లతో, పొడవాటి గొట్టాలు మధ్యలో పెట్టి, కదలకుండా బిగించండి. మాగ్నెట్ పక్కన కేసు బోల్టుకు ఒక ఇనుప తీగ కట్టి దాని కొన మాగ్నెట్ అంచుకు ఆనేంత దగ్గరగా వంచండి, అదే సూచిక. వెర్నియర్ కాలిపర్ తోక పిస్టన్ మధ్యలో ఆనించి, పిస్టన్ సిలిండర్ పై అంచు నుంచి సరిగ్గా 5 మిల్లీమీటర్లు కిందున్నప్పుడు (పైకెక్కేటప్పుడు) మాగ్నెట్ మీద తీగ ఎదురుగా మార్కర్‌తో గీత పెట్టండి. క్రాంక్‌ను ముందుకే తిప్పుతూ పిస్టన్ దిగేటప్పుడు మళ్లీ 5 మిల్లీమీటర్ల దగ్గర రెండో గీత. రెండు గీతలకూ నడిమి చోటే అసలు పై కొన. డయల్ గేజ్ ఉంటే ఇదే పని ఇంకా కచ్చితంగా అవుతుంది, అప్పుడు కూడా నడిమి చోటు పద్ధతే వాడండి.

ఆ నడిమి చోటు తీగ ఎదురుగా ఉన్నప్పుడు టీ గుర్తు తన గాటు ఎదుట ఉందా? ఉంటే ఇక దాన్ని నమ్మొచ్చు. ఎంత తేడా ఉందో డిగ్రీల్లో తెలియాలంటే మాగ్నెట్ చుట్టుకొలత టేపుతో కొలిచి 360తో భాగించండి. వ్యాసం 115 మిల్లీమీటర్లుంటే చుట్టూ ఒక మిల్లీమీటరు ఒక డిగ్రీ అవుతుంది. రెండు మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ తేడా వస్తే మాగ్నెట్ పుల్లర్‌తో తీసి కీ చూడండి. సుత్తితో కొట్టి మాగ్నెట్ ఊడదీయొద్దు, లోపలి అయస్కాంతాలు ఊడతాయి, క్రాంక్ కూడా వంకరపోవచ్చు.

హెడ్ లేకుండా క్రాంక్ తిప్పే ప్రతిసారీ రెండో చేత్తో టైమింగ్ చైన్‌ను బిర్రుగా పైకి లాగి పట్టుకోవాలి. వదిలేస్తే అది కింది పినియన్ దగ్గర ముడుచుకుని, పళ్లకూ కేసుకూ మధ్య చిక్కుతుంది. బలవంతంగా తిప్పితే కేసు అంచు విరుగుతుంది.

బిగించడం

సిలిండర్ దించేటప్పుడు చైన్‌ను ఒక తీగ కొక్కేనికి తగిలించి సందులోంచి పైకి లాగండి. డోవెల్ పిన్నులు, ఓ రింగు, గాస్కెట్ తమ తమ చోట్ల పెట్టి హెడ్ దించండి. దానికి ముందే రెండు ట్యాపెట్ స్క్రూలనూ (రాకర్‌కూ వాల్వుకూ మధ్య సందు సర్దేవి) పూర్తిగా వదులు చేయాలి. ఇది చాలామంది మర్చిపోయే అడుగు. స్క్రూలు బిగిసి ఉంటే క్యామ్ తప్పు చోటులో ఉన్నప్పుడు వాల్వులు తెరుచుకుని పిస్టన్‌కు తగులుతాయి, పైగా స్ప్రింగుల ఒత్తిడికి క్యామ్ తనంతట తానే పక్కకు తిరిగిపోయి గుర్తు నిలవదు.

హెడ్ నట్లను ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో, మీ మోడల్ సర్వీస్ పుస్తకంలో ఉన్న టార్క్‌కు పూర్తిగా బిగించాకే టైమింగ్ తుది పరీక్ష చేయాలి. గాస్కెట్ నొక్కుకోకముందు పెట్టిన గుర్తు, నొక్కుకున్నాక అక్కడే ఉండదు.

ఇప్పుడు క్రాంక్‌ను టీ గుర్తు దగ్గర నిలపండి. క్యామ్‌కు ఆయిల్ పూసి, రెండు లోబులూ పిస్టన్ వైపు చూసేలా లోపలికి దించండి. అలా ఉంటే రెండు వాల్వులూ మూసి ఉన్నట్టు, అంటే కంప్రెషన్ స్ట్రోకు చివర. ఇక స్ప్రాకెట్‌ను చైన్‌లో కూర్చోబెట్టాలి. ఈ ఇంజన్ ఎడమ పక్క నుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది, సిలిండర్ ముందుకు పడుకుని ఉంటుంది. కాబట్టి క్రాంక్ లాగేది చైన్ కింది వరసను. ఆ వరసలో ఏ మాత్రం వదులు లేకుండా ముందు దాన్ని బిర్రుగా పెట్టి, ఓ గుర్తు హెడ్ మీది గాటుకు ఎదురుగా వచ్చేలా స్ప్రాకెట్ కూర్చోబెట్టండి. వదులంతా పై వరసకు రావాలి, దాన్ని టెన్షనర్ చూసుకుంటుంది.

స్ప్రాకెట్ రంధ్రాలు క్యామ్ రంధ్రాలతో కలవకపోతే క్యామ్‌ను కొద్దిగా తిప్పండి, అప్పటికీ కాకపోతే చైన్‌ను ఒక పన్ను జరపండి. క్రాంక్‌ను మాత్రం కదపొద్దు. టీ గుర్తును ‘కొంచెం సర్ది’ బోల్టులు ఎక్కించుకోవడమే ఒక పన్ను తప్పు రావడానికి మొదటి కారణం.

బోల్టులు వేలితో ఎక్కించి, టెన్షనర్ రాడ్డు, స్ప్రింగు, కింది బోల్టు కొత్త వాషర్‌తో వేసి, అప్పుడు స్ప్రాకెట్ బోల్టులు బిగించండి. 6 ఎం.ఎం. బోల్టులకు సుమారు 10 న్యూటన్ మీటర్లు చాలు. పొడుగు పానా వాడితే తల ఊడి వస్తుంది.

రెండు చుట్లు, చేతితో

ప్లగ్ లేకుండా క్రాంక్‌ను ముందు దిశలో నెమ్మదిగా రెండు పూర్తి చుట్లు తిప్పండి. మాగ్నెట్ నట్టు పట్టుకుని తిప్పితే ఆ దిశ నట్టు వదులయ్యే దిశే, అందుకని నట్టు పూర్తి టార్క్‌లో ఉండాలి. ఇంజన్ బండికే ఉంటే ఇంకా మంచి దారి ఉంది: టాప్ గేర్ వేసి వెనక చక్రం చేత్తో ముందుకు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా తగిలినట్టు ఆగితే బలం పెట్టొద్దు. అది వాల్వు పిస్టన్‌ను తాకడం కావచ్చు.

టీ గుర్తు దాటిపోతే ఆ కాస్త వెనక్కి తిప్పి కలపకండి. వెనక్కి తిప్పితే కింది వరస వదులవుతుంది, అప్పుడు కనిపించే ఓ గుర్తు అబద్ధం. పావు చుట్టు వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకు వస్తూ ఆపండి.

రెండు చుట్ల తర్వాత టీ గాటు దగ్గర, ఓ గాటు దగ్గర ఉండాలి. ఒక చుట్టు దగ్గర కూడా ఆగి చూడండి. అప్పుడు ఓ గుర్తు ఎదురు పక్కన ఉంటుంది, ఎగ్జాస్ట్ వాల్వు మూసుకుంటూ ఇన్‌లెట్ తెరుచుకుంటూ రెండూ కొద్ది కొద్దిగా లేచి ఉంటాయి. (దీనికోసం ట్యాపెట్లను ముందు సందు పెట్టుకోవాలి, అది కింద ఉంది.) అక్కడ క్రాంక్‌ను అటూ ఇటూ కొంచెం ఊపితే ఒక రాకర్ లేస్తుంటే రెండోది దిగాలి. ఒక పన్ను తప్పి ఉంటే ఒక వాల్వు బాగా లేచి, రెండోది పూర్తిగా మూసి ఉంటుంది. గుర్తులు చెరిగిపోయిన స్ప్రాకెట్‌కు ఇదే అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష.

ట్యాపెట్ సందు

టీ, ఓ రెండూ కలిసి, రెండు రాకర్లూ వదులుగా ఉన్నప్పుడు మాత్రమే సందు పెట్టాలి. ఈ తరం ఇంజన్లకు రెండు వాల్వులకూ 0.05 మిల్లీమీటరు, మీ మోడల్ పుస్తకంలో వేరేగా ఉంటే అదే పాటించండి. ఫీలర్ గేజ్ రేకు కొద్దిపాటి పట్టుతో జారాలి. లాక్ నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా తిరుగుతుంది, బిగించాక మళ్లీ రేకు పెట్టి చూడండి.

సందు పెట్టేటప్పుడు ఇంజన్ చల్లగా ఉండాలి, అంటే 35 డిగ్రీల లోపు ఉండాలని అర్థం. మన డెల్టాలో మే నెల మధ్యాహ్నం నీడలో ఉన్న బండి కూడా అంతకన్నా వేడిగానే ఉంటుంది. ఎండాకాలం ఈ పని పొద్దున్నే చేసుకోండి.

గుర్తు కలవకపోతే

ఒక పన్ను అటు జరిపితే అటు పోతోంది, ఇటు జరిపితే ఇటు పోతోంది, మధ్యలో నిలవడం లేదంటే ఓ గుర్తు ఎంత పక్కన ఉందో కొలవండి. కారణం సాధారణంగా ఈ నాలుగిట్లో ఒకటి: సాగిన చైన్, రేగు కొట్టించి (ముఖం చదును చేయించి) పలచబడ్డ హెడ్, మందం వేరైన గాస్కెట్, పైన చెప్పినట్టు తప్పు చోట దిగిన పినియన్.

సాగుడు లెక్క తెలిస్తే భయం పోతుంది. 6.35 మిల్లీమీటర్ల పిచ్ చైన్, 28 పళ్ల స్ప్రాకెట్ అయితే చుట్టుకొలత 177.8 మిల్లీమీటర్లు, వ్యాసార్ధం సుమారు 28.3. లాగే వరస అర మిల్లీమీటరు సాగితే క్యామ్ ఒక డిగ్రీ వెనకబడుతుంది, క్రాంక్ లెక్కలో రెండు డిగ్రీలు. ఒక మిల్లీమీటరు సాగితే నాలుగు డిగ్రీలు. హెడ్ ముఖం అర మిల్లీమీటరు తీసేసినా ఇదే దిశలో ఇంతే తేడా, ఎందుకంటే క్యామ్ క్రాంక్‌కు దగ్గరవుతుంది, లాగే వరసలో ఆ మేరకు వదులొస్తుంది. మందపాటి గాస్కెట్ దీనికి ఎదురు, క్యామ్‌ను ముందుకు జరుపుతుంది.

అంటే రెండు మూడు డిగ్రీల తేడాతో, గుర్తు గాటుకు అర మిల్లీమీటరు పక్కన కనిపిస్తే ఇంజన్‌కు ప్రమాదం లేదు. కానీ చైన్ కొత్తదై ఉండి, హెడ్‌కు రేగు తగలకుండా, గాస్కెట్ సరైనదై ఉండీ అర పన్ను తేడా వస్తే, పినియన్ తప్పు. దాన్ని అలాగే వదిలి ‘దగ్గర పన్ను’ మీద పెట్టేస్తే క్రాంక్ లెక్కలో 12, 13 డిగ్రీలు తప్పు మీద బండి నడుస్తుంది. మళ్లీ కేసు విప్పాలంటే కష్టమే, అయినా విప్పాల్సిందే.

హెడ్‌కు రేగు ఎక్కువ కొట్టించి ఉంటే వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య ఖాళీ కూడా చూడాలి. పిల్లలు ఆడుకునే మెత్తటి రంగు బంకమట్టి పిస్టన్ మీద పలచగా పరిచి, దానికి కాస్త ఆయిల్ పూసి, ట్యాపెట్ సందు పెట్టి, హెడ్ బిగించి రెండు చుట్లు తిప్పి విప్పండి. వాల్వు నొక్కిన చోట మట్టి మందం ఇన్‌లెట్ దగ్గర 1.5, ఎగ్జాస్ట్ దగ్గర 2 మిల్లీమీటర్లకు తగ్గకూడదు.

డిగ్రీ చక్రంతో

గుర్తుల మీద అనుమానం తీరకపోతే, లేదా క్యామ్ వేరే కంపెనీదైతే, డిగ్రీలు కొలవడమే మార్గం. 360 డిగ్రీల చక్రం కాగితం మీద ప్రింటు తీయించి, రేకుకు అంటించి, మాగ్నెట్ నట్టు దగ్గర బిగించండి. నడిమి చోటు పద్ధతిలో సున్నా కలపండి. డయల్ గేజ్ మొనను ఇన్‌లెట్ వాల్వు స్ప్రింగు మీది గిన్నెకు ఆనించి, ముందు దిశలో తిప్పుతూ వాల్వు 1 మిల్లీమీటరు లేచిన చోటూ, మూసుకుంటూ మళ్లీ 1 మిల్లీమీటరుకు వచ్చిన చోటూ రాసుకోండి.

ఉదాహరణకు పై కొనకు 5 డిగ్రీల ముందు తెరుచుకుని, కింది కొన దాటాక 35 డిగ్రీలకు మూసుకుందనుకుందాం. మొత్తం 5 + 180 + 35 = 220 డిగ్రీలు. సగం 110, అందులోంచి 5 తీసేస్తే పై కొన తర్వాత 105 డిగ్రీల దగ్గర లోబు నడిమి చోటు. దీన్ని మీ క్యామ్‌కు ఇచ్చిన అంకెతో పోల్చండి. ఈ నడిమి చోటు లెక్కకు ఒక మేలుంది: ట్యాపెట్ సందు కొంచెం అటూ ఇటూ అయినా తెరుచుకునే, మూసుకునే అంకెలు రెండూ మారతాయి గానీ నడుము దాదాపు కదలదు.

బుల్లెట్ సంగతి

పాత పోత ఇనుప ఇంజన్ బుల్లెట్ 350 (346 సీసీ, బోరు 70, స్ట్రోకు 90 మిల్లీమీటర్లు) లో చైన్ లేదు. కుడి పక్క కవర్ కింద క్రాంక్ పినియన్, రెండు క్యామ్ గేర్లు ఉంటాయి, గేర్ల మీది గుర్తులు ఒకదానికొకటి ఎదురెదురుగా వచ్చేలా కలపాలి. సాగే చైన్ లేదు కాబట్టి టైమింగ్ జరగదు. బిగించాక ఓవర్‌ల్యాప్ పరీక్ష (రెండు వాల్వులూ కొద్ది కొద్దిగా లేచి ఉండే చోట చేసే, పైన చెప్పిన పరీక్ష) చేయండి. పినియన్‌ను పట్టి ఉంచే ఆయిల్ పంపు వార్మ్‌కు (పంపును తిప్పే మరగేర్‌కు) ఎడమ మర ఉంటుంది, గడియారం ముల్లు దిశలో తిప్పితేనే ఊడుతుంది. ఈ సంగతి తెలియక గొట్టపు పానాతో బలం పెట్టి మర చెడగొట్టిన క్రాంకులున్నాయి. పుష్‌రాడ్లకు (క్యామ్ నుంచి పైనున్న రాకర్లను నెట్టే కడ్డీలకు) చల్లటి ఇంజన్‌లో సందు ఉండదు, కంప్రెషన్ పై కొన దగ్గర వేళ్లతో తిప్పితే ఆడకుండా తేలిగ్గా తిరిగితే చాలు.

మొదటి కిక్కు

డిప్‌స్టిక్ గుర్తు దాకా ఆయిల్ పోసి, ప్లగ్ లేకుండా, స్పార్కు ఆపేసి పది పదిహేను కిక్కులు కొట్టండి. ఆ తర్వాత ప్లగ్ వేసి స్టార్ట్ చేసి, పక్క నుంచి ఇన్‌లెట్ ట్యాపెట్ మూత తీసి చూడండి. నిమిషం లోపల రాకర్ తడవాలి. తడవకపోతే వెంటనే ఆపి రాగి వాషర్, ఆయిల్ దారి చూడండి.

క్యామ్ ఒక పన్ను వెనకబడితే ఇన్‌లెట్ ఆలస్యంగా మూసుకుంటుంది. కిక్కు తేలిగ్గా దిగుతుంది, కంప్రెషన్ తక్కువ చూపిస్తుంది, కార్బురేటర్ నోట్లోంచి పెట్రోల్ తుంపర వెనక్కి వస్తుంది, తక్కువ వేగంలో లాగదు. ఒక పన్ను ముందుకు పోతే కిక్కు గట్టిగా ఉంటుంది, ఐడిల్ నిలకడగా ఉండదు, కింది గేర్లలో ఫర్వాలేదు గానీ వేగం పెంచబోతే ఊపిరాడనట్టు ఆగిపోతుంది. ఈ రెండు లక్షణాల్లో ఏది కనిపించినా పక్క మూత తీసి ఓ గుర్తు చూడటానికి పావుగంట చాలు.

ఇరవై నిమిషాలు నడిపి, రాత్రంతా చల్లారనిచ్చి, పొద్దున ట్యాపెట్ సందు మళ్లీ కొలవండి. కొత్తగా నూరిన వాల్వులు సీటులో ఇంకాస్త దిగుతాయి, సందు తగ్గుతుంది. 0.05 కన్నా తగ్గితే వెంటనే సరిచేయండి, ఎందుకంటే పూర్తిగా మూసుకోని ఎగ్జాస్ట్ వాల్వు కొద్ది రోజుల్లోనే కాలుతుంది. ఐదారు వందల కిలోమీటర్లకు ఆయిల్ మార్చేటప్పుడు ఇంకోసారి ట్యాపెట్ సందు, టీ దగ్గర ఓ గుర్తు చూసుకోండి. కొత్త చైన్ మొదటి రోజుల్లో కొద్దిగా సాగుతుంది, అప్పుడు కనిపించే చోటునే ఇక ముందు పోల్చుకోవడానికి ఫోటో తీసి పెట్టుకోండి.